బొమ్మల హాల్లో నేను వేసిన దండ

మునిసిపాలిటీ బొమ్మల హాల్లో కొత్తగా పనికి చేరే పిల్లలకి ఒక సంగతి ముందే చెప్పాలి. మీ ఆర్డరు కాయితంలో హాలు ఊడవడం, తాళాలు వెయ్యడం, వచ్చిన అధికారులకి మంచినీళ్ళివ్వడం అని ఉంటుంది. బొమ్మ అన్న మాట అందులో ఎక్కడా కనపడదు. నాకిచ్చినదాంట్లోనూ లేదు. అందుకని మొదటి ఏడాది బొమ్మలు నా పని కాదనుకున్నాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అదే నా పని అయింది. అదెట్లా చేస్తున్నావమ్మా అని నన్ను ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

నేను మస్తాన్‌బీని. ఊళ్ళో మస్తానమ్మ అంటారు. ఐదో తరగతితో బడి ఆపేశాను. మా ఆయన మునిసిపాలిటీలో వాచ్‌మన్‌గా ఉండి చనిపోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఊరి పేరు రాయను. పల్నాడు వైపు, పత్తీ మిరపా పండే ఏదో ఒక ఊరనుకోండి. పేరు రాస్తే ఇప్పుడున్న సారుకి కోపం వస్తుంది, పాత సారుకి ఇంకా ఎక్కువ వస్తుంది.

హాలు ఎందుకు పెట్టారు, ఎందుకు వాడతారు

ఈ హాలు ఒకప్పుడు పత్తి గోడౌను. గవర్నమెంటు గ్రాంటు వస్తే సున్నాలేయించి, లైట్లు పెట్టి, బయట బోర్డు కట్టి బొమ్మల హాలు చేశారు. చుట్టుపక్కల పల్లెల్లో బొమ్మలు వేసే పిల్లలు ఉంటారు. పెద్ద పట్నాలకి పోయి అద్దె కట్టి ప్రదర్శన పెట్టుకునే తాహతు వాళ్ళకి ఉండదు. అలాంటివాళ్ళకి పదిహేను రోజులు హాలు ఉత్తినే ఇవ్వాలి. లైట్లు మనవి, పిలుపు కార్డులు మనవి, మొదటి రోజు టీ బిస్కెట్లు మనవి. జనం సొమ్ముతో కట్టింది కాబట్టి జనం పిల్లలకే ఇవ్వాలి. ఇది రూలు. ఎవరిని తిట్టినా ఆ రూలు రాసిన మహానుభావుణ్ణి మాత్రం నేను తిట్టను.

జరిగేది వేరు. హాల్లో కుర్చీలున్నాయి, మైకుంది, తాళముంది. ఇంకేం, ప్రతి డిపార్టుమెంటుకీ అదే కావాలి. దోమల మీద మీటింగు ఇక్కడే. ఎవరో సారు రిటైరైతే శాలువాలు కప్పేది ఇక్కడే. పంచడానికి వచ్చిన కుట్టుమిషన్లు పంచేదాకా దాచేది ఇక్కడే. ఒకసారి గొర్రెలకి పట్టే మందు డబ్బాలు తెచ్చి నెల రోజులు ఒక మూల పెట్టారు. అప్పుడు వినుకొండ వైపు నుంచి ఒకాయన నీటి రంగుల బొమ్మలు పెట్టుకున్నాడు. ఆ వాసనకి ఆయన ప్రదర్శనకి ఆయనే ముక్కు మూసుకుని వచ్చేవాడు. చూసేవాళ్ళు మూసుకుని కూడా రాలేదు.

ఇక చీరల అమ్మకం. ఏడాదికి నాలుగుసార్లు ఒక వ్యాపారస్తుడు వచ్చి హాలు అడుగుతాడు. ఆయన అద్దె కడతాడు, బొమ్మల పిల్లలు కట్టరు. కాబట్టి ఆయన వచ్చినప్పుడల్లా బొమ్మల పిల్లలకి పదిహేను రోజులు పదయ్యేవి, పది ఆరయ్యేవి. మీరు చేరాక మీ ముందు కూడా ఇదే జరుగుతుంది. చూసి ఊరుకోవద్దు. బొమ్మలు దించమంటే నిచ్చెన ఎవరో పట్టుకుపోయారనండి, తాళంచెవి ఇంట్లో మర్చిపోయాననండి. నేను అన్నీ చెప్పాను.

గోడ, ఎత్తు

గోడౌను గోడలు పాత సున్నం గోడలు. మేకు కొడితే గుప్పెడు సున్నం రాలుతుంది, మర్నాటికి మేకూ బొమ్మా కింద ఉంటాయి. మా హాలు వెనకే మిరపకాయల గోడౌను. సీజన్లో అక్కడ బస్తాలు దించినప్పుడల్లా కిటికీల్లోంచి ఆ దుమ్ము వచ్చి అద్దాల మీద ఎర్రగా పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిచారా, ముద్దయిపోతుంది. పొడి నూలుగుడ్డతో తుడవాలి. తుడిచిన చెయ్యి కళ్ళల్లో పెట్టుకోకూడదు. ఇవి ఏ కాయితంలోనూ ఉండవు. మేకులు కొట్టీ కొట్టీ విసుగొచ్చి, వెల్డింగు షాపాయన్ని బతిమాలి గోడ పైఅంచు పొడుగునా ఒక ఇనప గొట్టం వేయించాను. దానికి కొక్కేలు, కొక్కేలకి నైలాను తాళ్ళు, తాళ్ళకి బొమ్మలు. ఇప్పటికీ అవే ఉన్నాయి, పీకనివ్వకండి.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. మన ఊరి ఇళ్ళల్లో ఫొటో ఎక్కడ పెడతారు? గుమ్మం పైన, దూలానికి దగ్గరగా, కొంచెం ముందుకి వంచి పెడతారు. అక్కడ ఉండేది దేవుడు, లేకపోతే పోయిన తాత. తల ఎత్తి దణ్ణం పెట్టుకుంటారు. ఆ అలవాటుతో మన సార్లు ఏ బొమ్మనైనా పైకి పెట్టు, ఇంకా పైకి పెట్టు అంటారు. చీరాల నుంచి ఒకాయన వచ్చాడు, పగలు మగ్గం నేసి సాయంత్రాలు బొమ్మలు వేసేవాడు. ఆయన నా పక్కన నిలబడి, "అమ్మా, మెడ నొప్పి పుడితే మనిషి బొమ్మ చూడడు. నీ కళ్ళకి ఎదురుగా బొమ్మ మధ్యభాగం రావాలి" అని చెప్పాడు. ఇన్నేళ్ళలో నాకు ఈ పని నేర్పిన మాట అదొక్కటే. దాన్ని నేను ఒకే ఒక్కసారి తప్పాను. ఆ సంగతే చెబుతాను.

మేనేజరు గారు

హాలుకి సొంత అధికారి ఎప్పుడూ లేడు. ఇంకో పని చూసే ఆయనకి ఇది కూడా చూడు అని తగిలిస్తారు. నేను చూసినవాళ్ళల్లో ఆఖరాయన్ని మేనేజరు గారు అనే అంటాను. చెడ్డవాడు కాదు. నాకు మోకాళ్ళ నొప్పి వచ్చినప్పుడు సెలవు అడక్కుండానే ఇచ్చాడు. కాకపోతే ఆయనకి హాలంటే ఫోనులో ఫొటో. రోజూ ఒక ఫొటో తీసి పైవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అందులో జనం కనపడాలి. జనం లేకపోతే నన్నూ, ఊడ్చే సుబ్బులునీ, ఎదురు షాపు టైలర్నీ బొమ్మల ముందు నిలబెట్టి తీసేవాడు. చీర మార్చి రా మస్తానమ్మా, నిన్న కూడా ఇదే చీరలో ఉన్నావు అనేవాడు. ఇంత బుర్ర ఉన్నవాడు ఆ బుర్ర జనాన్ని పిలవడానికి వాడితే ఎంత బాగుండేదా అని తల పట్టుకునేదాన్ని.

కోటేశ్వరి

కోటేశ్వరి వచ్చేనాటికి నా రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉంది. సత్తెనపల్లి దగ్గర పల్లె నుంచి వాళ్ళమ్మతో మా ఊరి శివార్లకి వచ్చి ఉంటోంది. తల్లి పేరు ఆదెమ్మ. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో కూలి. తండ్రి పోయి అప్పటికి మూడేళ్ళు.

ఆ అమ్మాయి బొమ్మలు కొన్న గుడ్డ మీద వెయ్యదు. చిరిగిన మిరపకాయల గోతాలు విప్పి, ఉతికి, చట్రానికి బిగించి వాటి మీద వేస్తుంది. ఉతికినా ఘాటు పోదు. మొదటి రోజు వాటిని ఆటోలోంచి దించేసరికి నేనూ సుబ్బులూ తుమ్మలేక చచ్చాం. వాటిని విప్పి చూశాక మాత్రం తుమ్ములు మర్చిపోయాను. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకున్న ఆడవాళ్ళ చేతులు. కాటా మీద గోతం, దాని మీద ఒరిగి నిలబడ్డ ముసలాయన. అన్నిటికన్నా పెద్దది ఒక ఆడమనిషి ముఖం. మూతికి కట్టుకున్న తువ్వాలు మెడ మీదకి లాక్కుని, కళ్ళు ఎర్రగా, ఎదురుగా చూస్తూ ఉంది. గోతం మీద వ్యాపారి వేసిన నల్ల అచ్చు అక్షరాలు ఆవిడ భుజం మీదుగా వెళ్ళాయి. ఎవరమ్మా ఈవిడ అని నేను అడగలేదు. బాగుంది అనుకున్నాను, తాడు కట్టాను, అంతే. నా తప్పు అక్కడే మొదలైంది.

కోటేశ్వరికి కావలసింది ఏమిటో నాకు చెప్పింది. స్పిన్నింగు మిల్లులో పని ఖాయమైంది, ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు. పొద్దున ఎక్కితే రాత్రి దిగే డ్యూటీ, ఇక బొమ్మలు ఉండవు. ఏడాది ఆగుతాను, ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి పరీక్ష రాస్తాను అని తల్లిని అడిగింది. ఆదెమ్మ అవుననలేదు, కాదనలేదు. నేనొచ్చి ఆ బొమ్మలు చూస్తా, చూశాక చెబుతా అంది. ఇంట్లో ఎప్పుడూ చూపించలేదా అంటే, గోతాలు షెడ్డు వెనక రేకుల కింద ఉంచి అక్కడే గీసుకుందట. కాబట్టి ఆ పిల్లకి ప్రదర్శన అంటే అధికారులు కాదు, పేపరువాళ్ళు కాదు. వాళ్ళమ్మ వచ్చి చూడటం, అంతే.

దండ

మొదటి రోజు పొద్దున్నే మేనేజరు గారు వచ్చి పెద్ద బొమ్మని గుమ్మానికి ఎదురుగా పైన పెట్టమన్నాడు. ఫొటోలో జనం తలలు అడ్డం రాకూడదట. ఎత్తు ఎక్కువైంది సార్ అన్నాను. పెట్టు మస్తానమ్మా, పొద్దున్నే వాదించకు అన్నాడు. పెట్టాను, మామూలుగా ముందుకి వంచి. దాని కిందే దీపం స్తంభం పెట్టించాడు.

ముఖ్య అతిథి పదింటికి రావాలి. పన్నెండు దాటాక ఫోన్ వచ్చింది, వేరే ప్రోగ్రాం ఉంది రావట్లేదని. బంతిపూల దండలు రెండు తెప్పించి ఉన్నాయి. ఒకటి మేనేజరు గారికే వేసి దీపం ఆయనతోనే వెలిగించాం. రెండోది ప్లేట్లో అట్లాగే ఉంది. ఫొటో బోసిగా ఉంటుందని ఆయనకి బెంగ. "ఆ దండ ఊరికే వాడిపోతుంది, ఆ పెద్ద పటానికి వెయ్యి" అన్నాడు.

కోటేశ్వరి అప్పుడు హాల్లో లేదు. అధికారుల మధ్యకి ఒక్కత్తే రావడానికి తల్లికి బెరుకని ఆటోస్టాండు దాకా ఎదురెళ్ళింది. నేను స్టూలెక్కాను. దండ వేశాను. అంచులు సమంగా వచ్చాయో లేదో దిగి కూడా చూశాను. పైన ముఖం, మెడలో దండ, కింద దీపం. మా ఇళ్ళల్లో ఫొటోలకి దండలు వెయ్యరు. అయినా నేను ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, అందరి ఇళ్ళకీ పరామర్శకి వెళ్ళినదాన్ని. అట్లాంటి పటం చూస్తే దాని అర్థం ఏమిటో నాకు తెలియకపోవడం ఏమిటి? తెలుసు. ఆవిడ పోయిందేమో, కూతురు జ్ఞాపకంగా గీసిందేమో అని నాకు నేనే అనేసుకున్నాను. మేనేజరు గారు ఫొటో తీసి అప్పటికప్పుడు గ్రూపులో పెట్టేశాడు.

అప్పుడే ఆదెమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది. వెంట కోటేశ్వరి, షెడ్డులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు. ఆ ముఖమూ పైన దండ వేసిన ముఖమూ ఒకటే. ఆవిడ దండ వంక చూసింది, దీపం వంక చూసింది. వెంట వచ్చిన ఒకావిడ చిన్నగా, "ఏందే ఆదెమ్మా, నిన్ను అట్టా పెట్టారు" అంది. ఆదెమ్మ కొంగు తల మీదకి లాక్కుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కోటేశ్వరి ఆవిడ వెనకే పరిగెత్తింది.

నేను స్టూలెక్కి దండ తీశాను. తీసి ఏం లాభం? ఫొటో అప్పటికే ఊరు తిరుగుతోంది.

మర్నాడు పొద్దున కోటేశ్వరి వచ్చింది, కళ్ళు వాచి ఉన్నాయి. అమ్మ మాట్లాడట్లేదని చెప్పింది. అన్నీ దించేస్తాను, మిల్లుకే పోతాను అంది. దండ ఎవరు వేశారని నన్ను అడిగింది. సారు వెయ్యమన్నారు అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. ఇట్లాంటి మాట ఆఫీసుల్లో మీరు రోజూ వింటారు. నోట్లోంచి చాలా తేలిగ్గా వస్తుంది, ఆ తర్వాత అన్నం మాత్రం దిగదు.

మేనేజరు గారికి ఈ సంగతి చెబితే, అయ్యో అన్నాడు. ఆ వెంటనే, అమ్మాయి తనంతట తనే తీసేస్తానంటే ఒక లెటరు రాయించుకో, చీరలాయన ఎదురు చూస్తున్నాడు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిచ్చెన వాటర్ వర్క్సువాళ్ళు తీసుకెళ్ళారు సార్, రెండ్రోజులు పడుతుంది అన్నాను. నిచ్చెన బీరువా వెనకే ఉంది.

షెడ్డుకి వెళ్ళాను

మధ్యాహ్నం సుబ్బులుకి తాళాలిచ్చి ఆటో ఎక్కాను. షెడ్డులో వంద మంది దాకా ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని, ఎర్రటి రాశుల ముందు తొడిమలు తీస్తున్నారు. అందరి మూతులకీ గుడ్డలే. ఎవరు ఆదెమ్మో తెలుసుకోవడం కష్టం కాలేదు, అందరూ ఆవిడ మీదే జోకులేస్తున్నారు. ఫొటో వాళ్ళ ఫోన్లకి నా కన్నా ముందే చేరింది. "ఆదెమ్మా, పెద్దకర్మ భోజనాలకి మమ్మల్ని పిలవవేం" అని ఒకావిడ. పోయినదానివి కూలికెట్లా వచ్చావే అని ఇంకొకావిడ. ఆదెమ్మ తల ఎత్తకుండా కాయలు గిల్లుతోంది.

ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. దగ్గొచ్చింది, కళ్ళు మండాయి. 

"దండ వేసింది నేనే" అన్నాను.

"మేనేజరు వేశాడంటగా."

"ఆయన వెయ్యమన్నాడు. స్టూలెక్కి వేసింది నేను."

"నీకు కళ్ళున్నాయా?"

"ఉన్నాయి."

"నోరుందా?"

"ఉంది."

"మరి ఎవరీవిడ, ఉందా పోయిందా అని ఆ పిల్లని ఒక్క మాట అడగలేకపోయావా?"

 నేను అడగలేదమ్మా, తప్పు నాదే అన్నాను.  ఆవిడ మూతిగుడ్డ కిందికి లాగి నా వంక చూసింది. అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత చెప్పుకొచ్చింది. వాళ్ళాయన పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫొటో లేదట. ఆధార్ కార్డు మీద బొమ్మనే పెద్దది చేయించి దండ వేశారట. అందులో ఆయన ఆయనలాగే ఉండడు, ఎవరో దొంగని పట్టుకున్నట్టుంటాడట. అది చూసి చూసి, అమ్మకి ఇట్లా కాకూడదని కోటేశ్వరి ఈ బొమ్మ మొదలుపెట్టిందట. ఈ సంగతి కూతురు మొన్న రాత్రే చెప్పిందట.

"నేను నా మొహం చూద్దామని వచ్చా. దండే చూశా. ఇంకేం కనపళ్ళేదు నాకు" అంది.

రేపు రామ్మా, నేను దగ్గరుండి చూపిస్తాను అన్నాను. ఆవిడ ఇంకో నాలుగు కాయలు గిల్లింది. తర్వాత, వస్తా గానీ బొమ్మ అంత పైన ఉంటే రాను అంది. "ఆ ఎత్తున మా ఇంట్లో ఉన్నది మా ఆయన ఒక్కడే. నన్ను కిందికి దించు."

సాయంత్రం నిచ్చెన తీసి, బొమ్మని నా కళ్ళ ఎత్తుకి దించాను. మేనేజరు గారు చూసి, ఎవరు మార్చమన్నారు అన్నాడు. బొమ్మలో ఉన్నావిడ మార్చమంది సార్ అన్నాను. నవ్వాలో కోప్పడాలో తెలియక వెళ్ళిపోయాడు.

ఆదెమ్మ చూసింది

మర్నాడు కూలి మానుకుని వచ్చింది. ఇస్త్రీ చీర కాదు, మామూలు చీరే. కోటేశ్వరి స్తంభం పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. ఆదెమ్మ బొమ్మ ముందు నిలబడింది. ముఖానికి ముఖం సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఎంతసేపు నిలబడిందో, నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.

"కళ్ళేందే ఇట్టా ఉన్నాయి, ఏడ్చినట్టు?" అంది చివరికి.

"ఏడ్చినట్టు కాదమ్మా, మిరపకాయలవి" అంది కోటేశ్వరి.

"ఏ పూట గీశావు?"

"సాయంత్రం నువ్వు షెడ్డు నుంచి రాగానే. ముఖం కడుక్కోకముందు. రోజూ ఆ కాస్సేపు చూసేదాన్ని, తర్వాత రేకుల కిందికి పోయి గీసేదాన్ని."

"కడుక్కునేదాకా ఆగితే నీ సొమ్మేం పోయింది" అంది ఆదెమ్మ. చెయ్యి చాచి, ముట్టుకోకుండా, చెంప దాకా తీసుకెళ్ళి ఆపింది. ఇక మిగతావి చూడమని కోటేశ్వరి పిలిచినా కదల్లేదు. నన్ను కుర్చీ అడిగింది. తెచ్చి వేస్తే బొమ్మ పక్కనే వేసుకుని కూర్చుంది. మిల్లు సంగతి ఏమంటావని కూతురు ధైర్యం చేసి అడిగితే, చూడనియ్యి, ఇంకా చూళ్ళేదు అంది.

మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. సీజను ముగింపులో పని తగ్గిందని అంది. అది ఎంతవరకు నిజమో నేను అడగలేదు.

అప్పుడు జనం రావడం మొదలైంది. బొమ్మల కోసం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. బతికున్న మనిషికి దండ వేశారట, ఆవిడ వచ్చి దాని పక్కనే కూర్చుందట అని షెడ్డు నుంచి మొదలై ఊరంతా పాకింది. ఆడవాళ్ళు పని దిగి తువ్వాళ్ళతోనే వచ్చేవాళ్ళు. ఇన్నేళ్ళు ఎన్ని కార్డులు పంచాం, ఎన్ని బ్యానర్లు కట్టాం, ఎదురు టైలరు తప్ప లోపలికి అడుగు పెట్టినవాడు లేడు. చివరికి జనాన్ని రప్పించింది నా తెలివితక్కువతనం. దీనికి సంతోషించాలో తల బాదుకోవాలో ఇప్పటికీ తెలియదు.

వచ్చినవాళ్ళకి ఆదెమ్మే చెప్పేది. "అది నేనే. బతికే ఉన్నా. చూసుకోండి." ఏడిపించినవాళ్ళని వదిలేది కాదు. పెద్దకర్మ భోజనాలడిగినావిడ వస్తే, రావే తల్లీ, ముందు నీ చేతులు చూసుకో అని లాక్కెళ్ళి చేతుల బొమ్మ ముందు నిలబెట్టింది. చూపుడువేలుకి పసుపు రంగు పీలిక చుట్టి ఉంది అందులో. ఆవిడ తన వేలు వంక చూసుకుంది. అదే పసుపు పీలిక. మిగతా బొమ్మలన్నీ వరసగా చూసుకుంటూ వెళ్ళింది. ఆదెమ్మ కూడా అట్లా వాళ్ళకి చూపిస్తూ చూపిస్తూనే మిగతావన్నీ చూసింది. ఒకచోట ఆగి, రంగు పోయిన తాలుకాయైనా ఇంత తెల్లగా ఉండదే, కొంచెం పాలిపోయిన పసుపుంటుంది, దిద్దుకో అని కూతురికి చెప్పింది. కోటేశ్వరి దిద్దుకుంటానంది. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి మీరు.

తొమ్మిదో రోజో పదో రోజో మేనేజరు గారు చీరలాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. హాలు నిండా ఆడవాళ్ళు, పిల్లలు, తుమ్ములు, మాటలు. వెంటనే ఫోను తీశాడు. ఆ మూల నుంచి, ఈ మూల నుంచి తీసి గ్రూపులో పెట్టాడు. ప్రచారం గట్టిగా చేస్తే జనం వస్తారని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానుగా మస్తానమ్మా అన్నాడు. దేవుడి సాక్షిగా ఆయన మొదట్నుంచీ చెప్పింది చీర మార్చుకు రమ్మని. ఆదెమ్మ చీరలాయన్ని పట్టుకుని, నువ్వెవరయ్యా, బొమ్మలు చూడ్డానికొచ్చావా, ఇటు రా అని పిలిచింది. ఆయన పాపం మొత్తం తిరిగి చూసి, చెప్పకుండా వెళ్ళిపోయాడు. కోటేశ్వరికి పదిహేను రోజులూ దక్కాయి. నా సర్వీసులో పదిహేనుకి పదిహేనూ దక్కినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆఖరి రోజు

ప్రదర్శన అయిపోయాక అభిప్రాయాల పుస్తకంలో నాలుగు మంచి మాటలు ఉండాలి, పైకి పంపాలి. మామూలుగా మేనేజరు గారే రెండు మూడు రకాల ఇంకులతో రాసేవాడు. ఆ రోజు మాత్రం ఆదెమ్మ గారు రాస్తే బాగుంటుంది, ఫొటో కూడా తీస్తాను అన్నాడు. నాకు రాయడం రాదు సారూ అంది ఆదెమ్మ. నా వంక తిరిగి, "నేను చెబుతా, నువ్వు రాయి వదినా" అంది. పదిహేను రోజుల్లో వదినా అనడం అదే మొదటిసారి.

కోటేశ్వరి బొమ్మలకి గుడ్డలు చుడుతోంది. చుట్టడం ఆపి నిలబడింది. తల్లి ఇంతవరకు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఒకటో తారీకు ఎల్లుండి.

ఆదెమ్మ ఒక్కో మాట ఆగి ఆగి చెప్పింది, నేను నా కోడిగీతల్లో రాశాను. ఆ మాటలు ఇవి:

"నా పేరు ఆదెమ్మ. నేను తొడిమలు తీస్తాను. నేను బతికే ఉన్నాను. బొమ్మలో కళ్ళు నావే. తాలుకాయ రంగు తప్పు, దిద్దుతుంది. మా అమ్మాయిని మిల్లుకి పంపట్లేదు, ఏడాది చదవనిస్తాను. ఈ హాల్లో ఆడవాళ్ళకి బాత్రూము లేదు. ఇన్ని రోజులూ పక్క టీ కొట్టు వాళ్ళింటికి పోయాను."

కోటేశ్వరి చేతిలో ఉన్న గుడ్డలో ముఖం పెట్టుకుంది. అది మిరపకాయల గోతాలకి చుట్టే గుడ్డ, ఇక ఆ పిల్ల తుమ్ములూ కన్నీళ్ళూ ఏవి ఏవో తెలియలేదు. ఆదెమ్మ కింద వేలిముద్ర వేసింది.

మేనేజరు గారు పుస్తకం తీసుకుని చదివాడు. చదువుతూ చదువుతూ ఆఖరికి వచ్చేసరికి ముఖం మారింది. ఇది పైకి వెళ్ళే పుస్తకం మస్తానమ్మా, ఈ పేజీ తీసేసి ఇంకోటి రాయించు అన్నాడు.

ఆదెమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఏం సారూ, మళ్ళీ చంపుతారా?" అంది.

ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. పేజీ అట్లాగే ఉంది, బీరువాలో పై అరలో. మీరు చేరిన మొదటి రోజే తీసి చదువుకోండి. బాత్రూము మాత్రం నేను రిటైరయ్యేదాకా రాలేదు. వచ్చేదాకా మీరూ రోజూ అడుగుతూనే ఉండండి.